ఫోన్లో రాసిందల్లా అనుమానమే

తెనాలిలో షఫీక్ గారు నమ్మనిదంటూ ఉంటే అది ఫోన్లో రాసిన మాట. ఎదురుగా కూర్చుని ఎన్ని గొప్పలు చెప్పినా నవ్వుతూ వినేవారు. ఎవరైనా ఫోన్లో “శుభోదయం” అని రాస్తే మాత్రం, ఇంతకీ అతనికి ఏం కావాలో కనుక్కోమనేవారు.

ఆయన తబస్సుమ్‌కి మేనమామ. తబస్సుమ్, నేను ఒకే బడిలో టీచర్లం కాబట్టి నాకూ మామయ్య వరసే అయ్యారు. ఒకసారి ఆయన తన వియ్యంకుణ్ణి ఇఫ్తార్‌కి రమ్మని కబురు పెడితే, అతని ఫోన్ నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది. అది ఒప్పుకోవడమో, వెక్కిరింతో తేల్చుకోవడానికి ఈయన బస్సెక్కి చేబ్రోలు వెళ్లారు. నొక్కింది ఇంకా మాటలే రాని మనవరాలని తేలింది. అంత చిన్నపిల్లకి ఫోన్ ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని విచారించి గానీ తిరిగి రాలేదట.

ఇంకోసారి నేను బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌లో దిగిన ఫొటో పెట్టి, “సాయంత్రం దాకా ఇక్కడే” అని రాశాను. ఇంటికొచ్చేసరికి ఆయన మా గుమ్మం ముందు కుర్చీ వేసుకుని ఉన్నారు. ఇంటికి తాళం వేశానని ఊరంతటికీ చాటాను కనక కాపలాకి వచ్చారట. టీ తాగి వెళ్తూ, తాను వచ్చిన సంగతి మాత్రం ఎక్కడా రాయొద్దన్నారు.

అలాంటి మనిషి మేనకోడలు ఫేస్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టింది. స్టాఫ్ రూమ్‌లో నోరు విప్పని తబస్సుమ్ అక్కడ పేజీలకు పేజీలు రాసేది. మెచ్చుకునేవాళ్లు పెరిగేకొద్దీ ఆమె నడకే మారిపోయింది. నిజాంపట్నంలో చేపలు ఎండబెట్టే పేరంటాలు అనే ఆవిడ గురించి ఫొటోతో సహా రాస్తే, ఊళ్లు దాటి చదివారు. మర్నాడు ఆ పోస్టు కింద పేరంటాలు కొడుకు నాగార్జున రాశాడు: “మా అమ్మ బతుకు మీకు కథా? మీ బడి ఎక్కడో నాకు తెలుసు.”

తబస్సుమ్ బెదిరిపోయింది. అన్నీ చెరిపేస్తానని, ఇక జన్మలో రాయనని అంది. షఫీక్ గారు “నేను ముందే చెప్పాను” అంటారనుకున్నాను. అన్నారు కూడా. ఆ తర్వాత కళ్లజోడు పెట్టుకుని ఆ మాటల్ని చాలాసేపు చూశారు.

“ఆ పొగిడేవాళ్ల మీద నాకు అనుమానమే గానీ, ఇతని మీద లేదమ్మా. పాపం, తల్లి గురించి బాధపడ్డాడు. వెళ్దాం పద.”

రేపల్లె దాకా రైల్లో, అక్కణ్ణుంచి ఆటోలో ముగ్గురం వెళ్లాం. మమ్మల్ని చూడగానే నాగార్జున తడబడ్డాడు. కేసు పెట్టడానికి వచ్చామేమోనని అతని అనుమానం. పేరంటాలు మాత్రం చేతులు కడుక్కుని వచ్చి, రాసింది చదివి వినిపించమంది. తబస్సుమ్ ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టింది. “దిక్కులేని పేరంటాలు” అన్నచోట ఆమె చెయ్యెత్తి ఆపింది.

“దిక్కులేనిదాన్నని నీకెవరు చెప్పారమ్మా? వీడున్నాడు, పడవుంది. ఆ మాట తీసెయ్. ఎండలో నిలబడ్డానికి నీడ లేదన్నావు చూడు, అది ఉంచు.”

అడగకుండా రాసినందుకు తబస్సుమ్ క్షమించమంది. అక్కడే కూర్చుని ఆ మాట తీసేసింది. బడి సంగతి కోపంలో ఉత్తినే రాశానండి అంటూ నాగార్జున తన రాత తాను చెరిపేశాడు.

ఇంతలో పేరంటాలు షఫీక్ గారిని, మీరు అమ్మాయికి ఏమవుతారని అడిగింది.

“మేనమామనండి. ఈ పిల్ల రాసేవన్నీ చదువుతాను. కింద ఎవరేమన్నారో కూడా ఒక్కటీ వదలను.”

తబస్సుమ్ ఆయన్ని కొత్తగా చూసింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

“బాగుంటాయా మామూ?” అని అడిగింది.

“బాగుంటాయి కాబట్టే నా భయం,” అన్నారాయన.

తిరుగు రైల్లో ఆమె కొత్తది రాయడం మొదలుపెట్టింది. పక్క సీట్లో ఉన్న పెద్దమనిషి మీద షఫీక్ గారికి అనుమానం వచ్చింది. అతను ఆమె ఫోన్లోకి తొంగిచూడకుండా, తెనాలి వచ్చేదాకా ఈయన తువ్వాలు అడ్డం పట్టుకుని కూర్చున్నారు.