మూడో ప్రూఫు బావ

మా బావకి ఒక్కసారి చెప్తే సరిపోదు. రెండుసార్లు చెప్పినా సరిపోదు. మూడోసారి చెప్పాక, "ఓహో, అదా" అంటాడు. అంతకుముందు రెండుసార్లూ మనం చెప్పింది గోడకి చెప్పినట్టే.

ముప్పై ఏళ్ళు ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్ల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నాడని చుట్టాలందరం కలిసి తీర్మానించేశాం. మూడో ప్రూఫు అని పేరు పెట్టింది మాత్రం నేనే. కాగితమైనా మాటైనా మూడు ప్రూఫులు చూడందే అచ్చుకి వదలడని. పేరు బాగా అతికింది. పిల్లలు కూడా చాటుగా అలాగే పిలిచేవాళ్ళు. చాటుగా ఎందుకో మరి, ఎదురుగా పిలిచినా వినపడదు కదా అనుకునేదాన్ని.

అడిగే పద్ధతి కూడా విచిత్రం. మాట్లాడిన మనిషి మొహం చూడడు. మా అక్క వైపు తిరిగి, పెళ్ళాం సాక్ష్యం కావాలన్నట్టు, "ఏమన్నాడూ? రేపు నీళ్ళు రావన్నాడా?" అని వీధంతా వినేలా అడుగుతాడు. అక్క తలూపుతుంది. మా అక్క మితభాషి. ఎవరు మాట్లాడినా నోటి వంకే చూస్తూ కూర్చుంటుంది. ఫోను మోగితే ఆవిడ చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. గర్వం అనేవాళ్ళు కొందరు.

ఈ మూడో ప్రూఫుని వెంటేసుకుని యూరప్ వెళ్ళాలన్న కోరిక అక్కదే. ఒక ఏడాది బావ అచ్చేసిన క్యాలెండర్లో ఒక యూరప్ బొమ్మ ఉండేది. మంచుకొండలు, నీలంగా సరస్సు, మధ్యలో తెల్లటి పడవ. ఏడాది అయిపోయినా అక్క ఆ కాగితం వంటింటి గోడ మీంచి తీయలేదు. నూనె జిడ్డు పట్టి మంచుకొండలు పసుపుకొండలైనా తీయలేదు. బావ ప్రెస్సులోంచి రిటైరైన రోజే ఇంటికొచ్చి, ఆ పడవ ఎక్కుదాం పద అన్నాడట. బట్టలు కుట్టుకునే నేను కూడా, నా మిషన్‌కి రెండు వారాలు సెలవిస్తానని, వెంట పడ్డాను.

ఆ రిటైర్మెంట్ సభలో ఒక తమాషా జరిగింది. ప్రెస్సు యజమాని లేచి, మా మేస్త్రి చెవులు బంగారం, మిషన్ గొంతు కాస్త మారితే పక్కగదిలోంచే పట్టేసేవాడు అని పొగిడాడు. నేను కుర్చీలోంచి జారిపడేంత నవ్వాను. పొగడ్తకైనా హద్దుండాలి అనుకున్నాను.

టూరు ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ కుర్రది పాపం ఓపికగా చెప్పింది, పదకొండు రోజులు, రెండు స్వెట్టర్లు, ఒక కోటు, మడమ లేని చెప్పులు అని. బావ అక్క వైపు తిరిగి మొదలుపెట్టాడు. ఏమందీ, పదకొండు రోజులా? ఏమందీ, కోటు కూడానా? మూడో ప్రశ్నకి ఆ పిల్ల గొంతు పెంచింది. అయిదో ప్రశ్నకి ఆఫీసంతా మా ప్రయాణం కంఠతా పట్టేసింది. పక్క బల్ల దగ్గర ఇంకెక్కడికో టిక్కెట్లు తీసుకుంటున్న మొగుడూ పెళ్ళాలు కూడా స్వెట్టర్లు రాసుకున్నారు. చివర్లో బావ ఒక్కటే పట్టుబట్టాడు. బస్సులో గైడు పక్కన, ముందు సీట్లు తమ ఇద్దరికీ కావాలి. ఎందుకంటే తనకి చెముడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"ముందు సీట్లు ఇస్తాను సార్. కానీ బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందో గైడు ఒక్కసారే చెప్తాడు. రాకపోతే ఆగడు" అంది ఆ పిల్ల.

అక్క మొహం పాలిపోయింది. ఈ ఒక్క మాటా బావ తిరగేసి అడక్కుండానే అర్థమైనట్టుంది.

వీసా ఆఫీసులో ఇంకా ఘోరం. మందపాటి అద్దం వెనక ఒకావిడ జలుబు చేసి మొహానికి మాస్కు కట్టుకుని కూర్చుంది. ఎవరి జవాబు వాళ్ళే చెప్పాలి, పక్కవాళ్ళు అందించకూడదు అని ముందే చెప్పింది. అక్కని ఏదో అడిగింది. అక్క ఆ మాస్కు వంకే చూస్తూ కొయ్యబారిపోయింది. మళ్ళీ అడిగింది. అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. చుట్టడానికి ఇక కొంగు మిగల్లేదు.

అప్పుడు మా బావ ముందుకొచ్చి, అక్క మొహంలోకి చూస్తూ గట్టిగా, "ఏమన్నారమ్మా? అక్కడ చుట్టాలెవరైనా ఉన్నారా అనా?" అన్నాడు.

"ఎవరూ లేరండీ" అంది అక్క.

"నేను అడిగింది మిమ్మల్ని కాదు" అంది ఆవిడ బావతో.

"నాకు చెముడమ్మా. ఏం అడుగుతున్నారో తెలియకపోతే కంగారు. ఏమన్నారు? వేలిముద్రలా? కుడిచెయ్యా?"

అక్క కుడిచెయ్యి పెట్టింది. ఆవిడ నుదురు కొట్టుకుంది. నా వెనక నిలబడ్డ ఒకావిడతో, మా బావకి చెవులు అలంకారానికే అని గుసగుసగా చెప్పాను. బావ వెనక్కి తిరక్కుండానే, "అలంకారానికైనా ఉన్నాయిగా" అన్నాడు. ఆ కంగారులో నాకు అది తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

వీసాలొచ్చాయి. వచ్చిన రోజే అక్క నేను రాను అంది. నువ్వూ బావా వెళ్ళిరండి, నాకు వద్దు అని కూర్చుంది. ఎంత అడిగినా కారణం చెప్పదు. క్యాలెండర్ బొమ్మ గోడ మీంచి తీసి మడతపెట్టేసింది. ఆ మేకు ఒక్కటీ గోడకి మిగిలింది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఈయన చెవులతో విసిగిపోయే అక్క మానేస్తోందని ఖాయం చేసుకుని బావ మీద పడ్డాను.

"నీ వల్లే బావా. తెలియని దేశంలో నీకు ప్రతిదీ మూడుసార్లు చెప్పించలేక చస్తుంది. చెవి డాక్టరు దగ్గరికి పద."

ఎన్నిసార్లు చెప్పాలో అని లెక్కపెట్టుకుంటున్నాను. మొదటిసారికే, "మీ అక్క లోపలిదాకా తోడొస్తే వెళ్తాను" అన్నాడు. అక్క వైపు చూసి మరీ అన్నాడు.

ఇద్దరూ లోపలికెళ్ళి ఎంతకీ రారు. పాపం డాక్టరు కూడా ప్రతిదీ మూడుసార్లు చెప్పాల్సి వస్తోంది కాబోలు అనుకున్నాను. మర్నాడు మళ్ళీ వెళ్ళి బుల్లి చెవి మిషను తెచ్చుకున్నారు. బావ దాని డబ్బాని చొక్కా జేబులో పెట్టుకుని, అవసరమైనప్పుడు తీస్తాలే అన్నాడు. రానన్న అక్క, అటక మీంచి పెట్టె దించమంది.

రెండు రోజుల తర్వాత వాళ్ళింటి ముందుగదిలో కూర్చుని అక్క కోటుకి లోపలి గుడ్డ కుడుతున్నాను. అక్క వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. నాలో నేనే, "ఇది వేసుకుంటే పరుపు నడిచొస్తున్నట్టుంటుంది" అని గొణుక్కున్నాను.

"పరుపైతేనేం, వెచ్చగా ఉంటుందిగా" అంది అక్క లోపల్నుంచి.

సూది నా వేల్లో దిగింది. లేచి వెళ్ళాను. మా అక్క చెవుల మీదికి ఎప్పుడూ కప్పుకునే జుట్టు వెనక్కి దువ్వుకుని ఉంది. చెవి వెనక బుల్లి మిషను.

నన్ను చూసి సిగ్గుపడి, కుళాయి కట్టేసింది.

"పదిహేనేళ్ళ నుంచీ వినపడదే నాకు. దగ్గరగా, మొహం చూస్తూ చెప్తేనే తెలుస్తుంది. చెవిటిదంటారని ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆ పేరేదో నన్నే పిలవనీలే అన్నారు మీ బావ. డాక్టరు దగ్గరికి రమ్మని ఇన్నేళ్ళూ బతిమాలుతూనే ఉన్నారు. నేనే సాగనివ్వలేదు. మొన్న మాత్రం, పరీక్ష ఎవరికి చేశారో మీ చెల్లెలికి ఎలా తెలుస్తుంది, పద అన్నారు."

పెట్టెకి తాళం కొనడానికెళ్ళిన బావ అప్పుడే వచ్చాడు. ఎదురెళ్ళి నిలబడ్డాను. ఆ పేరు పెట్టిన నోరు నాదే కదా.

"తప్పైపోయింది బావా."

"ఏమన్నావ్?"

"తప్పైపోయింది."

"ఏమన్నావ్?"

"తప్పైపోయింది అంటున్నా."

"ఓహో, అదా. కోటు గుండీలు గట్టిగా కుట్టావా?"

ఇప్పుడు మా అక్క తనే అందరికీ మిషను చూపించి చెప్పుకుంటోంది. టూరు ఆఫీసుకి ఫోను చేసి, ఆ సరస్సులో పడవ కూత వేస్తుందా అని అడిగింది. తడి చేతులతోనే చేసింది. క్యాలెండర్ బొమ్మ మళ్ళీ మేకుకెక్కింది.

కష్టమంతా బావకొచ్చింది. పదిహేనేళ్ళుగా అక్క వెనక నిలబడి ధీమాగా గొణుక్కున్న మనిషి. కూరలో ఉప్పు మీద, అత్తవారి మీద, మరదలి నోటి మీద ఆయనకున్న అభిప్రాయాలన్నీ అలాగే బయటికెళ్ళేవి. నిన్న అక్క సర్దిన పెట్టె ఎత్తబోయి నడుం పట్టుకుని, ఊరెళ్తోందా, ఇల్లు ఖాళీ చేస్తోందా అని సణిగాడు.

"ఏమన్నారు?" అంది అక్క వంటింట్లోంచి.

బావ నా వంక చూశాడు. చెప్పు బావా, ఇంకా రెండు ప్రూఫులున్నాయిగా అన్నాను. బావ పెట్టె చప్పుడు కాకుండా కింద పెట్టి, మునివేళ్ళ మీద వీధిలోకి నడిచాడు.