మాస్టారి తోట జాబితా, నా ఉపన్యాసం

“మాస్టారూ, శనివారానికల్లా మీ జాబితా మీ చేతిలో పెడతాను. ఇది నా మాట!”

నిన్నే ఆ శనివారం. ఆ మాటకి ఏ గతి పట్టిందో చెప్తాను, నవ్వుకోండి.

ముసునూరు దగ్గర మా లెక్కల మాస్టారికి చిన్న మామిడితోట ఉంది. ఏ నంబరు చెట్టు ఏ రకమో నాటిన కొత్తలోనే ఇంట్లో కంప్యూటర్లో ఎక్కించుకున్నారు. టీవీకి తగిలించుకునే పాతకాలపు కంప్యూటర్. ఫైళ్లు దాచేది పాటల క్యాసెట్లలోనే! తర్వాత తోట కౌలుకిచ్చి ఉద్యోగం మీద ఊళ్లు తిరిగారు. కంప్యూటర్ పాడైంది, క్యాసెట్ మిగిలింది. ఇప్పుడు పుల్లకాయ చెట్లకి తల కొట్టించి మంచి రకం అంటు కట్టించాలి. కాపు అయిపోయింది, కాయ చూసి పోల్చుకునే వీల్లేదు. రంపం పొరపాటున రసాల చెట్టు మీద పడితే? మాస్టారికి అదే బెంగ.

నేను మైలవరంలో ఒకాయన అటక మీంచి అలాంటి పాత కంప్యూటరే ఇంకోటి దింపించి తెచ్చాను. కంపెనీ వేరు. అయితేనేం? “సమాచారానికి సరిహద్దులేంటండీ!” అని మాస్టారికి అరగంట క్లాసు పీకి, దానికి టేప్‌రికార్డర్ తగిలించి, మాస్టారి క్యాసెట్ వేశాను. కీచుకీచుమని ఒకటే రొద. స్క్రీన్ మీద ఎర్రర్. పదకొండుసార్లు!

తోటపనికొచ్చే నాగమ్మగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

“మామిడికి జామ అంటు కడుతున్నావేంటి బాబూ?”

“ఇది కంపెనీల కుట్రండీ! ఒకరి భాష ఇంకొకరికి తెలియకూడదని గోడలు కట్టారు. ఆ గోడలు కూలతాయి!”

“అవి కూలేలోగా మంచి చెట్టు కూలుద్దేమో చూసుకో.”

తప్పు టేప్‌రికార్డర్‌దేమోనని అనుమానం వచ్చింది. పరీక్షిద్దామని రికార్డ్ నొక్కాను. ‘హలో’ అంటే సరిపోయేది. ఎదురుగా ఇద్దరు మనుషులు, చేతిలో మైకు... ఆగగలనా? వెనక్కి తిప్పి ప్లే నొక్కాను.

“మిత్రులారా! సమాచారం ప్రజల ఆస్తి! దాన్ని చెరిపేసే హక్కు ఏ శక్తికీ లేదు!”

నా గొంతే. ఖంగుమంటోంది.

మాస్టారు మెల్లగా అడిగారు. “ఒరేయ్, లోపల ఉన్నది ఏ క్యాసెట్?”

ఇలాంటి పరీక్షలకని తెచ్చుకున్న ఖాళీ క్యాసెట్ నా సంచిలోనే ఉంది!

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. నాగమ్మగారు మాత్రం తోటలోకి నడిచి, ఒక ఆకు కోసి, నలిపి, వాసన చూశారు. “ఇది రసం. ఉంచండి.” పక్క చెట్టు. “ఇది పుల్లకాయ. కొట్టించండి.” భోజనాల వేళకి తోటంతా అయిపోయింది. వెనకాలే నోటుబుక్కు పట్టుకుని రాసుకున్న గుమాస్తాని నేనే.

“ముందే చెప్పొచ్చు కదండీ?”

“అడిగావా? ఆ రొద ఆపితే కదా!”

శ్రమజీవి జ్ఞానమే అసలు జ్ఞానమని ఎన్ని గోడల మీద రాశానో లెక్కలేదు. ఆ జ్ఞానం గుమ్మంలో నిలబడి ఉంటే దానికే ఎదురు ఉపన్యాసం ఇచ్చాను.

ఆకు వాసన పట్టడం నాకూ నేర్పమన్నాను. “ముందు నోరు మూసుకుని ఉండటం వచ్చుద్దా నీకు?” అని వెళ్లిపోయారావిడ.

నేను ఊరుకుంటానా? ఈ పొద్దున్నే వాళ్లింటికెళ్లి వినతిపత్రం ఇచ్చి వచ్చాను. నన్ను శిష్యుడిగా చేర్చుకుంటారో లేదో ఆగస్టు పదో తారీఖులోగా తేల్చి చెప్పాలి!