చక్రాల్లేని రిక్షా

వరదానం ఏలూరులో ముప్పై ఏళ్ళుగా రిక్షా తొక్కుతున్నాడు. ఆటోలొచ్చాక బేరాలన్నీ వాటివెంటే పోయినా, అచ్చాయమ్మగారు మాత్రం మారలేదు. రిటైరైన టీచరు, మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. ప్రతి ఆదివారం బజారు వీధి చివరనున్న చర్చికి, మొదటి పాట అందుకునేలా ఆవిడను చేర్చాలి. రాత్రిబడిలో వరదానం చేత అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆవిణ్ణి చేర్చలేని రోజున తాను రిక్షావాడే కాదని అతని లెక్క.

ఇంతలో వీధికి వర్తకుల కమిటీ పట్టుకుంది. ఎక్కడ చూసొచ్చారో ఏమో, ఆదివారాలు ఈ వీధి నడిచేవాళ్ళకేనన్నారు. ఒక గొలుసు, నాలుగు పూలకుండీలు, 'చక్రాలున్నదేదీ లోపలికి రాకూడదు' అని ఒక బోర్డు, దానికి కాపలా తాతారావు. ఈ మహానుభావుడు బొమ్మ కార్లు అమ్ముకునేవాణ్ణి కూడా ఆపేశాడు.

"అమ్మగారు నడవలేరండీ తాతారావుగారూ," అన్నాడు వరదానం.

"నాకు మాత్రం తెలీదేటండీ. చక్రాలుంటే కుదరదండీ."

ఆ రోజు అచ్చాయమ్మగారు గొలుసు ఇవతలే కూర్చుని, పాట దూరం నుంచి విని వెనక్కి వెళ్ళింది. వరదానానికి అన్నం సహించలేదు. సాయంత్రం వచ్చి బోర్డును కూడబలుక్కుని మళ్ళీ చదివాడు. వద్దన్నది చక్రాల్నే కదా.

మరుసటి ఆదివారం గొలుసు దగ్గర ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, మూడు చక్రాలూ ఊడదీసి, రిక్షా కింద రెండు వెదురు బొంగులు కట్టి, ఆవిణ్ణి మళ్ళీ ఎక్కించాడు. ముందు తను మోస్తాడు. మరి వెనక? అంతమందిలో పనిలేకుండా నిలబడ్డది తాతారావు ఒక్కడే.

"మధ్యలో చక్రాలు తగిలించకుండా చూడ్డం కూడా నా డ్యూటీయేనండీ," అని తనకు తానే నచ్చజెప్పుకుని భుజం పట్టాడు.

కంచే చేను మేసిందంటారు. ఇక్కడ కంచె ఏకంగా చర్చికి బయలుదేరింది. కాపలా లేని గొలుసును ఎవరో ఎత్తారు. స్కూటర్లు, మోటారు సైకిళ్ళు, ఒక కోళ్ళ వ్యాను వీళ్ళను దాటుకుని పోయి, చర్చికి ఇరవై అడుగుల దూరంలో ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఆగిపోయాయి.

"ఇది నడిచే వీధండీ, దిగండి," అని బొంగు కింద నుంచి కేకేశాడు తాతారావు. హారన్లే జవాబు చెప్పాయి. ఇంతలో చర్చి గంట మోగింది.

"దింపు నాయనా," అంది అచ్చాయమ్మగారు.

"మీ మోకాళ్ళండీ..."

"దింపవయ్యా. పాట మొదలైపోద్ది."

దింపారు. తాతారావు ఆయాసంతో ఆ రిక్షాలోనే చతికిలబడ్డాడు. ఆవిడ వరదానం భుజం పట్టుకుని, నొప్పికి పెదవి కొరుక్కుంటూ, ఇరుక్కున్న బండ్ల హ్యాండిళ్ళ సందుల్లోంచి ఒక్కో అడుగూ వేసింది. మొదటి పాట అందుకుంది. వరదానం గుమ్మం దగ్గరే నిలబడి తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నడిచేవాళ్ళకని అంత ముస్తాబు చేసిన వీధిలో, ఆ చివరి ఇరవై అడుగులూ నడిచింది నడవలేని మనిషీ, ఆవిడకు భుజమిచ్చినవాడూ మాత్రమే.