బాబోయ్ దర్జీ

ఆ దర్జీకి భూమ్మీద భయంలేని వస్తువంటూ లేదు. భయమేస్తే నోట్లోంచి వచ్చేది ఒకటే మాట: "బాబోయ్!" చివరికి అదే పేరై కూర్చుంది. ఓసారి మెడ కొలత తీస్తుంటే ఎదుటి పెద్దమనిషి తుమ్మాడు. బాబోయ్ అంటూ టేపు పట్టుకునే బల్లకింద దూరాడు. టేపు రెండో కొస ఆ పెద్దమనిషి మెడకే ఉంది పాపం!

అలాంటివాడు విమానమెక్కి, పరాయి దేశంలో గడియారాలు బాగుచేసుకునే స్నేహితుడి ఇంటికొచ్చాడు.

ఆ స్నేహితుడికి అప్పటికే గుండె గుప్పెట్లో ఉంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తోంది గానీ, మూడు నెలలుగా కాళ్ళ దగ్గరున్నది కంటికి ఆనడం లేదు. డాక్టరు ఏమంటాడో, పని పోతుందేమోనని భార్యకు కూడా చెప్పలేదు. దానికి తోడు ఈ అతిథి గోల.

"బాబోయ్, మెట్టు!"

"మెట్టుకి కూడా భయమేమిట్రా?"

"ఎన్నున్నాయో తెలీదుగా! మూడు, నాలుగు... బాబోయ్, ఇంకోటి కూడానా!"

"అన్నయ్యగారూ, మీరిలా ఇంట్లోనే కూర్చుంటే ఎలా? ఈ సంబరం ఏడాదికోసారే!" అని గడియారాలాయన భార్య ఇద్దర్నీ కార్నివాల్‌కి తోలింది.

వీధంతా ముసుగులు, డప్పులు, గాల్లో రంగుకాగితాలు. దర్జీ స్నేహితుడి మోచెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. "వదిలావంటే చచ్చానే!" గడియారాలాయన పైకి విసుక్కున్నాడు గానీ, లోపల వెయ్యి దండాలు పెట్టుకున్నాడు.

ఇంతలో పొడుగాటి కర్రకాళ్ళవాళ్ళు మధ్యలోంచి దూసుకుపోయారు. చెయ్యి జారిపోయింది.

చుట్టూ నవ్వే ముసుగులే. కాళ్ళకింద కాగితాలో, గుంటో తెలియదు. వెనకనుంచి తోపులాట. పడితే తొక్కేస్తారు. అడుగు పడలేదు.

అప్పుడు డప్పుల్ని మించి వినబడింది.

"బాబోయ్! ఎడంపక్క గుంట!"

జనానికి ఆ మాట తెగ నచ్చేసింది. పాటేమో అనుకుని అందరూ అందుకున్నారు. "బాబోయ్! బాబోయ్!" నాలుగువైపులా అదే. గడియారాలాయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇందులో మనవాడిదేది?

"బాబోయ్! ముందు గట్టు! దీపస్తంభం దగ్గరున్నా, రారా!"

వందమంది బాబోయ్ అంటున్నారు, గట్టు అన్నవాడు ఒక్కడే. ఆ గొంతు పట్టుకుని నడిచాడు. గట్టు దిగాడు. రెండు చేతులొచ్చి మోచెయ్యి పట్టుకున్నాయి.

మర్నాడు పొద్దున్న గడియారాలాయన గుమ్మంలో నిలబడ్డాడు. దర్జీ పాలు పట్టుకుని, కూనిరాగం తీస్తూ రెండేసి మెట్లు ఎక్కొస్తున్నాడు. ఒక్క బాబోయ్ లేదు.

"ఏం, ఇవాళ మెట్లకి భయం లేదా?"

దర్జీ చెవి గోక్కున్నాడు. "నువ్వు పక్కన లేవుగా."

"ఎప్పుడు తెలిసిందిరా?"

"వచ్చిన రోజే. నీ ప్యాంట్లన్నిటికీ మోకాళ్ళ దగ్గర అతుకులే. ఈ వయసులో గోళీలాడి పడవుగా! పద, డాక్టరు దగ్గరికి."

"నాకు భయంరా."

"భయపడ్డం నీకేం వచ్చు? అది నా పని. నువ్వు నడు, నేను భయపడతా."

గడియారాలాయనకి నవ్వాగలేదు. ఈసారి దర్జీ మోచెయ్యి తనే పట్టుకుని అడుగేశాడు.

"బాబోయ్, మెట్టు!" అన్నాడు దర్జీ.