మంగళవారం కటింగ్

మా మనవడు హర్షిత్‌కు రెండేళ్లు నిండిన రోజుల్లో ఒక పొద్దున వెనక నుంచి పిలిచాను. తిరగలేదు. పళ్లెం కింద పడేశాను. అప్పుడూ తిరగలేదు. పక్కింట్లో మిక్సీ వేయగానే మాత్రం రెండు చెవులూ మూసుకుని గోడకు తల కొట్టుకున్నాడు. చెవుడైతే మిక్సీ ఎట్లా వినిపించింది? "మొగపిల్లలకు మాటలు లేటు" అన్నారు ఇంట్లో. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాశాం. మాట రాలేదు.

పటాన్‌చెరులో పిల్లల డాక్టర్ బెరా టెస్ట్ రాశారు. వినికిడి నార్మల్. ఇంకో డాక్టరమ్మ చాలాసేపు వాడితో ఆడి, "ఇది ఆటిజం. మందుతో పోయేది కాదు. థెరపీతో నేర్చుకుంటాడు" అన్నది. నా కోడలు స్వప్న పాశమైలారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. కొడుకుదీ షిఫ్ట్ డ్యూటీయే. స్పీచ్ థెరపీకి, ఆక్యుపేషనల్ థెరపీకి తిప్పే పని నాది. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలు బస్సు బోర్డులు చదవడానికి పనికొచ్చాయి.

అన్నిటికంటే పెద్ద కష్టం జుట్టుతో వచ్చింది. పుట్టువెంట్రుకలు తీసిన రోజు నలుగురం గట్టిగా పట్టుకున్నాం. అప్పటి నుంచి తల మీద ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. ఐదేళ్లు వచ్చేసరికి జుట్టు అట్టలు కట్టింది, కింద కురుపులు లేచి చీము పట్టింది. స్కిన్ డాక్టర్ చూసి, "జుట్టు తీయందే ఆయింట్‌మెంట్ చర్మానికి తగలదు. అప్పటిదాకా యాంటీబయాటిక్ ఇస్తాను. మీవల్ల కాకపోతే అనస్థీషియా ఇచ్చి తీద్దాం" అన్నాడు. జుట్టు తీయడానికి మత్తా!

థెరపీ సెంటర్ బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. పక్కన సునీత ఉంది. బీహార్ మనిషి, ఆమె కొడుకు గోలు కూడా అక్కడికే వస్తాడు.

"క్యా హువా అమ్మా?"

హర్షిత్ తల చూపించాను. ఆమె గోలు టోపీ తీసింది. వాడి జుట్టు మెట్లు మెట్లుగా ఉంది. నిద్రపోయినప్పుడు తానే కత్తిరిస్తుందట. తన బిడ్డను థెరపీకి తీసుకొచ్చిన ఆటో డ్రైవర్ యాదగిరి అది చూసి నవ్వాడు.

"మా పిల్ల గూడ గంతే. మిషన్ సప్పుడింటే ఆటో కింద దూరుతది. మంగళారం కటింగ్ షాపు బందుంటది కద. సప్పుడుండది, జనముండరు. మా దోస్తు రమేశ్‌ను అడుగుత."

నాకు ఒళ్లు మండింది. "మంగళారం నెత్తి మీద కత్తెర పెడ్తరా? తెలివున్నదా నీకు?"

"పెద్దమ్మా, మత్తు సూది ఏ వారం ఇస్తరో డాక్టర్‌ను అడిగినవా?"

ఇంటికొచ్చి చెబితే స్వప్న, "ఏ వారమైతేంది అత్తమ్మా? పోరడు నెత్తి గోక్కుంట నిద్రనే పోతలేడు" అంది.

యాదగిరి అడిగితే కటింగ్ షాపు రమేశ్ జంకాడు. "మంగళారం తెరిస్తే మా సంఘపోళ్లు ఊకోరు." నేనే వాళ్ల సంఘం పెద్ద దగ్గరికి పోయి హర్షిత్ తల చూపించాను. ఆయన మారుమాట లేకుండా, "షట్టర్ సగం దించి చేసుకోన్రి" అన్నాడు.

మొదటి మంగళవారం పిల్లలు కుర్చీ తిప్పుకుంటూ ఆడుకున్నారు, అంతే. తర్వాతి వారం గోలు ముందు కూర్చున్నాడు, మావాడు దూరం నుంచి చూశాడు. ఆ పై వారం కరెంటు పోయి పక్క షాపులో జనరేటర్ మోగింది. హర్షిత్ షట్టర్ కింద నుంచి దూరి రోడ్డు మీదికి పరుగు తీశాడు. యాదగిరి అందుకోకపోతే లారీ కింద పడేవాడు.

"ఇగ వద్దు. మత్తే ఇప్పిస్త" అన్నాను. సునీత నా చెయ్యి వదల్లేదు. "అగ్లా మంగల్ ఫిర్ ఆయేంగే అమ్మా." వచ్చే మంగళవారం మళ్లీ వద్దామంది.

మళ్లీ పోయాం. ఈసారి రమేశ్ కుర్చీ ఊసే ఎత్తలేదు. నేల మీద వాడి పక్కనే కూర్చుని, ఒక్కో కుచ్చు చూపించి కత్తిరించాడు. సగం తల అయ్యాక వాడు లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. మేం బలవంతం చేయలేదు.

సగం తలతోనే ఇంటికి నడిచాం. మా గల్లీలో ఒకామె ఆపింది. "ఏందమ్మా, పైసలు తక్కువ పడ్డయా?"

"మిగిలిన సగం వచ్చే మంగళారం. సూసుడయితే జెర జరుగు" అన్నాను.

మిగతా సగం అయింది. కురుపులు మానాయి. మత్తు అవసరం పడలేదు.

ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. ఆకలైతే "బువ్వ" అంటాడు. ఇంకో నాలుగైదు మాటలున్నాయి. మాకు వాటితో గడుస్తోంది. సునీతకు డ్యూటీ ఉంటే గోలు మా ఇంట్లోనే తింటాడు. స్వప్నకు సెలవు లేకపోతే యాదగిరి ఆటోలో అందరం కలిసి థెరపీకి పోతాం. పండక్కి రాని చుట్టాల కంటే వీళ్లే నాకు దగ్గర.

ఇట్లాంటి పిల్లలున్నవాళ్లకు ఒక్కటే చెప్తాను. బెంచీ మీద ఫోన్ చూస్తూ కూర్చోకండి. పక్కనున్నవాళ్లను పిల్లలకు ఏం జబ్బని అడగకండి, అది వాళ్లు వందమందికి చెప్పి ఉంటారు. "కటింగ్ ఎక్కడ చేయిస్తరు?" అని అడగండి.