డైరీలో లేని వాక్యం

2009, ఆడి (అరవం ఆషాఢం) నెల, ఆదివారం సాయంకాలం. తమిళనాడు ధర్మపురిలో మా ఇల్లు.
ఉన్నవారు: నేను, నా భార్య సరోజ, నా తమ్ముడు గోవిందు. వేరే ఎవరూ లేరు.

ఆరేళ్ళుగా నేను ఒక వాక్యాన్ని మోస్తా వచ్చినాను. నాలుగైదు మాటల వాక్యం. ఏ పుటలోనూ లేదు, నోటితో అన్నది. నిన్న సాయంకాలం దాన్ని ఆ ఇద్దరి ముందర పెట్టినాను. ఈ పొద్దు మీ ముందర పెడతా ఉన్నాను. భయమా? కాదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, తిరునాళ్ళకు బయలుదేరిన పిల్లవాడికి మాదిరి లోపలంతా గబగబ కొట్టుకుంటా ఉంది. తప్పు చెప్పుకునేవాడు ఇట్ల ఉండొచ్చునా? తెలియదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను, పైన రాసిన రెండు పేర్లూ మార్చినవే. అదే నాకు ధైర్యం.

నేను భూమి సర్వే పనిలో ముప్పై ఆరేళ్ళు ఉండి రిటైరైనాను. బొమ్మిడి నుంచి హొగేనక్కల్ దారిలోని మెట్ట పొలాల దాకా ఎన్ని గట్ల మీద కొలత గొలుసు లాగినానో చెప్పలేను. మా పనికి కొలతల పుస్తకం అని ఒకటి ఉంటుంది. పొలంలో నిలబడి కొలిచింది అక్కడే రాయాల. కొలవనిది రాయరాదు. రబ్బరు తాకించరాదు. తప్పు పడితే దాని మీద అడ్డంగా ఒకే గీత గీసి, కింద సరైనది రాసి, సంతకం పెట్టాల. గీత కింద పాత అంకె కనబడతానే ఉండాల. గోవిందు కూడా పడుచు వయసులో రెండేళ్ళు నా దగ్గర గొలుసు పట్టినాడు. ఈ పద్ధతి వాడికీ తెలుసు.

నా డైరీలు కూడా అదే పద్ధతి. ఏ ఒక్క రోజూ తప్పలేదు. వాటిని తెలుగులో రాస్తాను. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడుతాము, చదువులు మాత్రం అరవంలో. నాకు మా తాత ఇసుకలో వేలు పట్టి అక్షరాలు దిద్దించినాడు. గోవిందు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. వాడికి ఊహ తెలిసేలోపల తాత పోయినాడు. కాబట్టి ఇంట్లో తెలుగు రాత చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. నా డైరీ బల్ల మీద తెరిచి పెట్టి పోయినా ఎవరూ చదవలేరు. దానికి నేను ఎప్పుడూ బాధపడినాను. ఒక్కరోజు మాత్రం బాధపడలేదు.

గోవిందుకు ఇరవై ఆరో ఏట మనసు చెదిరింది. ఎవరో తిడుతున్నట్టు చెవిలో వినబడేది. మందులు మింగితే ఒక మాదిరిగా ఉండేవాడు. బాగుండేటప్పుడు వాడి చేతిని చూడాల! మామిడికి అంటు కట్టినాడంటే పట్టకుండా పోయేది కాదు. చిన్న కత్తితో కొమ్మకు ఒక కోత, మొక్కకు ఒక కోత, రెండూ కలిపి నార చుట్టి, బిడ్డను జోలెలో వేసినట్టు మెల్లగా వదిలేవాడు. మందులు విడిచినాడంటే వేరే మనిషి. టీవీని వాకిట్లోకి విసిరినాడు. సంగటి కుండ బావిలో పారేసినాడు. పాలు పోసే ఆయన తనకు పాలలో మందు పెట్టినాడని మిద్దె ఎక్కి వీధంతా వినబడేటట్టు తిట్టినాడు. 2003లో వరుసగా రెండు నెలలు ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు. ఇవన్నీ నిజం. ఇవన్నీ డైరీలో ఉన్నాయి. ఇవి చాలవా? ఇన్ని నిజాలు చేతిలో పెట్టుకొని నేను ఎందుకు ఆ పని చేసినాను?

ఆ ఏడు ఆడి నెలలోనే వాణ్ణి ఆస్పత్రికి పిలుచుకొని పోయినాము. డాక్టరు అరవాయన, నిదానస్థుడు. నేను చంకలో పెట్టుకొనిపోయిన డైరీని చూసి, “ఇట్ల రోజూ రాసేవాళ్ళు ఇంటికొకరు ఉంటే మా పని ఎంతో సులభం అయ్యా” అన్నాడు. అంతా విన్నాడు. తర్వాత ఆయన చెప్పింది నాకు ఇప్పుడు కూడా అక్షరం పోకుండా గుర్తుంది.

“మందులు సరిగా పడితే ఇంట్లో పెట్టుకోవచ్చు. వస్తువులు విసిరినప్పుడు మీరు అరవకండి. ‘నువ్వు ఇట్ల ఉంటే నేను ఇక్కడ ఉండను’ అని చెప్పి బయటికి పోండి. చెప్పింది ప్రతిసారీ చేయండి. అట్ల కూడా మీ వల్ల కాదంటే, కాదని చెప్పండి. అందులో తప్పేమీ లేదు. ఇట్లాంటివాళ్ళను పెట్టుకొని చూసుకునే హోము ఏదైనా చూద్దాం.”

దారి తెరిచి చూపించినాడు. నేను “మా వల్ల కాదు” అంటే చాలు. మూడు మాటలు. నోరు రాలేదు. ఆ మాట నేనంటే తమ్ముణ్ణి తరిమేసిన అన్న నేను. డాక్టరే పంపితే అది వైద్యం. నేను నోరు తెరవకపోయేసరికి ఆయనే అడిగినాడు, “ఇంట్లోవాళ్ళ మీద చేయెత్తినాడా? కత్తి, కొడవలి లాంటిది పట్టినాడా?”

నేను డైరీ తెరిచినాను. ముందు వారం పుట. అందులో ఉన్నది ఇది: “గాలికి విరిగి వాకిట్లో పడిన కొమ్మను కొట్టేదానికి గోవిందు కొడవలి తీసుకొని వంటింటి పక్కగా వచ్చినాడు. సరోజ వెనక్కి తిరిగి చూసి భయపడి కేక వేసింది. వాడు నవ్వి వెళ్ళిపోయినాడు.” నేను ఆ వరుసల మీద వేలు పెట్టి, కళ్ళద్దాలు సరిచేసుకొని, అరవంలో చదివినాను. “గోవిందు సరోజ మీద కొడవలి ఎత్తినాడు.”

సరోజ నా వైపు చూసింది. ఆనాడు ఆమె వీపు వాడి వైపు ఉండింది, తిరిగి చూసేసరికి కొడవలి కనబడింది, అంతే. ఎత్తినాడో లేదో ఆమెకు కూడా తెలియదు, అంతా చూసింది నేనొక్కణ్ణే. గోవిందు కుర్చీలోనే ముందుకు వంగి ఆ పుటను చూసినాడు. వాడికి అది కోడిగీతలే కదా.

“అన్నా, అట్ల రాసి ఉందా?”

“ఉంది.”

“నేను ఎత్తినానా? వదిన మీదనా?”

“ఉంది గోవిందూ.”

కొంచేపు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. “నువ్వు రాస్తే అయ్యుంటుంది. నాకే జ్ఞాపకం లేదు” అన్నాడు. డాక్టరు ఆ పొద్దే వాణ్ణి హోముకు రాసిచ్చినాడు.

నా తప్పు ఇది. వాణ్ణి హోముకు పంపడం కాదు. దానికి నేను ఈనాటికీ పశ్చాత్తాపపడటం లేదు, ఆ మాట కూడా దాచను. ఏది నిజమో ఏది కాదో అని ఇరవై నాలుగేళ్ళుగా తన తలతో తానే కొట్లాడుతా ఉన్న మనిషికి, తాను చేయని పనిని చేసినట్టు నేను జ్ఞాపకం ఇచ్చినాను. వాడు నన్ను నమ్మి, తన చేతిని నమ్మడం మానేసినాడు. ఆనాటి నుంచి కత్తి పట్టలేదు. అంటు కట్టలేదు. గడ్డం కూడా మంగలి వచ్చి గీస్తేనే. ఇంటికి వచ్చినప్పుడల్లా వాకిట్లోనే నిలబడి, “వదినా, ఆ పొద్దు తప్పైపోయింది” అనేవాడు. సరోజ “సరే, కాళ్ళు కడుక్కొని రా” అని లోపలికి పోయి, కూరగాయల కత్తిని బియ్యం డబ్బాలో దాచేది. నేను చూస్తా ఉండేవాణ్ణి. ఆరేళ్ళు చూసినాను! ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. డైరీలో “గోవిందు వచ్చి పోయినాడు” అని మాత్రం రాసేవాణ్ణి.

పది దినాల కిందట పోస్టులో ఒక కవరు వచ్చింది. విప్పితే తెలుగు! చీమలు చెదిరినట్టు పెద్ద పెద్ద అక్షరాలు. “అన్నకు గోవిందు రాసేది. ఇక్కడ వంట చేసే ఆయనది చిత్తూరు. ఆయన నాకు మన అక్షరం నేర్పించినాడు. సంవత్సరం పట్టింది. వచ్చే వారం ఆదివారం వస్తాను. నీ డైరీ నేనే చదువుతాను.”

నేను వాకిట్లో నిలబడి అరిచినాను. “సరోజా! గోవిందు తెలుగులో జాబు రాసినాడు!” తాత పోయినాక మన రాతలో నాకు వచ్చిన మొదటి జాబు అది. నేను ఎగరలేదు, అంతే తక్కువ. సరోజ చేతికిస్తే ఆమె తలకిందులుగా పట్టుకొని చూసి నవ్వింది. రెండోసారి చదివేటప్పుడు కడపటి వరుస దగ్గర ఆగినాను, వాడు చదివితే నా అబద్ధం బయటపడుతుంది. అయినా సంతోషం పోలేదు. రెండూ ఒకేసారి ఎట్ల ఉంటాయి? ఉన్నాయి. పది దినాలు రెండూ నా లోపల ఒకదాన్నొకటి తరుముకుంటానే ఉన్నాయి. ఆ పుటను చించేయొచ్చు. బుక్కు చెదలు తినేసిందని చెప్పొచ్చు. శుక్రవారం ఒకసారి చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్ళీ పెట్టేసినాను.

నిన్న గోవిందును పిలుచుకొని వచ్చేదానికి నేనే బస్టాండుకు పోయినాను. ఇంటిదాకా దారిలో ఉండే ఏ బోర్డులోనూ తెలుగు లేదని వాడు నవ్వినాడు. సాయంకాలం కాఫీ తాగినాక నేనే 2003 బుక్కు తీసి, ఆ పుట విప్పి, వాడి ముందర పెట్టినాను. వేలు పెట్టి చదవడం మొదలు పెట్టినాడు. “గా... లి... కి... విరి... గి...” ఒక్కొక్క అక్షరానికి నేను ఎక్కడ తప్పుతాడో అని చూస్తా ఉండినాను. నమ్ముతారా, ఒత్తు సరిగా పలికినప్పుడు నాకు సంతోషం ఆగలేదు! కడదాకా చదివినాడు. పుట తిప్పినాడు. మళ్ళీ వెనక్కి తిప్పినాడు.

“కొడవలి ఎత్తింది ఎక్కడుంది అన్నా?”

“లేదు.”

“వేరే బుక్కులోనా?”

“ఎక్కడా లేదు. నువ్వు ఎత్తలేదు. లేనిదాన్ని నేను ఉన్నట్టు చదివినాను.”

సరోజ వంటింటి గడప మీదనే కూలబడింది. గోవిందు చేతిలోని లోటా వెళ్ళి గోడకు కొట్టుకొని సొట్టపడింది. “తట్టుకోలేను అని చెప్పుంటే నేనే పొయ్యుందును కదరా! ఆ కొడవలిని నా చేతికి ఎందుకిచ్చినావు?” పుట్టి బుద్ధెరిగినాక వాడు నన్ను ‘రా’ అని అనడం ఇదే మొదలు.

రెండో లోటా చేతికి తీసుకున్నాడు. అప్పుడు నేను లేచినాను. “గోవిందూ, నువ్వు విసిరితే నేను ఇక్కడ ఉండను. అరగంటకు వస్తాను” అన్నాను. సరోజను కూడా పిలుచుకొని వీధిలోకి పోయినాను. డాక్టరు చెప్పిన మాటను ఆరేళ్ళ తర్వాత మొదటిసారి చేసినాను. మూల మీద టీ అంగడి దగ్గర ఆమె నన్ను ఒక్కటే అడిగింది, “ఆరేళ్ళు నా చేత కత్తులు దాచిపెట్టించినావు, నీకు అన్నం ఎట్ల దిగింది?”

మేము వచ్చేసరికి వాడు అదే పుట ముందర కూర్చొని ఉన్నాడు. లోటా బల్ల మీదనే ఉండింది. “రాయి. ఆ పొద్దు ఏమని చదివినావో అదే ఇక్కడ రాయి” అన్నాడు. రాసినాను. “గోవిందు సరోజ మీద కొడవలి ఎత్తినాడు.” వాడు చదివినాడు. అప్పుడే ఇంకొకటి కూడా చెప్పేసినాను. “ఇప్పుడు కూడా నువ్వు ఈ ఇంట్లో ఒక రాత్రికి మించి ఉండేదానికి నా వల్ల కాదు గోవిందూ. ఇది డాక్టరు మాట కాదు, నా మాట.” తల ఊపినాడు. సరేనన్నాడో, నీ బుద్ధి ఇంతేలే అన్నాడో నాకు తెలియలేదు.

ఈ పొద్దున సరోజ బియ్యం డబ్బాలో నుంచి కత్తి తీసి, కడిగి, ఒక మామిడిపండుతో వాడి ముందర పెట్టింది. వాడు కత్తిని చాలాసేపు చూసినాడు. “ఈ పొద్దు వద్దు వదినా” అని పక్కకు జరిపినాడు. తర్వాత నా పెన్ను అడిగి తీసుకున్నాడు. నేను రాసిన వాక్యం మీద అడ్డంగా ఒకే గీత గీసినాడు. కింద తన పెద్ద పెద్ద అక్షరాలతో “ఎత్తలేదు” అని రాసి, సంతకం పెట్టి, తారీకు వేసినాడు. సంచి భుజానికి తగిలించుకొని, “పోయొస్తాను వదినా” అన్నాడు. నా పెన్నును బల్ల మీద పెట్టి గడప దాటినాడు. వాడు వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి, సిరా ఆరిందో లేదో అని ఆ పుట దగ్గరే నిలబడినాను. గీత కింద నా వాక్యం స్పష్టంగా కనబడతా ఉంది.