మామ జీపీఎస్సు, అత్త సత్తు బేసిను

పోయిన నెల దొరవారిసత్రం దగ్గర ఒక పెళ్ళికి మా అల్లుడి కారులో బయలుదేరాము. చిల్లకూరు దాటి హైవే మీద ఉన్నంతసేపు ఫోనులోని ఆడగొంతు బుద్ధిగానే దారి చెప్పింది గానీ, లోపలి రోడ్డులోకి మళ్ళించాక ఏ పూనకం వచ్చిందో, రొయ్యల గుంటల మధ్య కట్ట మీదికి తీసుకుపోయి, ముందూ పక్కలా నీళ్ళు తప్ప ఏమీ లేని చోట, చేరవలసిన చోటికి చేరారని ప్రకటించి ఊరుకుంది. అల్లుడు నోటిదాకా వచ్చిన తిట్లను అత్తగారినైన నా ముందు తిట్టలేక మింగి, కారును ఆ కట్ట పొడవునా వెనక్కి నడిపించి, గుంటల కాపలా మనిషిని అడిగి మమ్మల్ని పెళ్ళికి చేర్చాడు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ అదే ఫోను, అదే గొంతు. ఇంకా ఎందుకు బాబూ దాన్ని పట్టుకుని వేలాడతావు అంటే, "అలవాటై పోయింది అత్తమ్మా, వేరేది పెట్టుకుంటే చెయ్యి ఆడదు" అన్నాడు. నవ్వుదామని మొదలుపెట్టాను, మా మామ గుర్తొచ్చి సగంలోనే ఆగిపోయాను.

మన కాలంలో ఒక వస్తువు కొన్నామంటే ఆ కంపెనీతో వియ్యం అందుకున్నట్టే కదా. రేడియో కానివ్వండి, కుట్టుమిషను కానివ్వండి, పాడైతే తిట్టుకుంటూ బాగుచేయించుకునే వాళ్ళమే గానీ పక్క కంపెనీ వైపు చూపు పోయేది కాదు. ఈ విషయంలో మా మామను మించిన మనిషిని నేను చూడలేదు.

కోటకు తూర్పున, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉన్న చేపల వేట పల్లెకు నేను కోడలిగా వచ్చాను. మా కూతురు బడికి పోతున్న రోజుల్లో మామ చెన్నపట్నం నుంచి అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టె ఒకటి కొనితెచ్చాడు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను అడిగి, మనం ఎక్కడున్నామో, ఇల్లు ఏ దిక్కున ఉందో బాణం గీసి చూపిస్తుందట. దాన్ని దేవుడి పటం ముందు పెట్టి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, నా చేతికిచ్చాడు, ఆ ఇంట్లో పదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే కాబట్టి. మేమిద్దరం మొగ దాకా నడిచివెళ్ళి, పడవలు ఏట్లోకి మళ్ళే చోట నిలబడి, నేను మీట నొక్కి, ఇంగ్లీషు అక్షరాలతో ఇల్లు అని కొట్టాను. అక్షరం ముక్క రాని మా మామ వారం తిరిగేసరికి ఆ మీటలను కళ్ళు మూసుకుని నొక్కడం నేర్చుకున్నాడు. తొలి చలికాలంలోనే, మంచులో ఒడ్డు కనబడని ఒక ఉదయం ఆ బాణం వాళ్ళను నేరుగా మొగలోకి తెచ్చి దింపింది. ఇక ఆ కంపెనీకి మా మామ జీవితాంతం దాసుడైపోయాడు.

ఆ దాసుడి తరఫున అగచాట్లు పడింది మాత్రం నేను. ఉప్పుగాలికి మీటలు బిగుసుకుపోయేవి, అద్దం పాలిపోయేది, సెల్లులు కారి లోపలంతా పచ్చగా చిలుము పట్టేది. కంపెనీకి ఫోను చేస్తే ఒకటి నొక్కమని, రెండు నొక్కమని చెప్పి, చివరికి ఒక పాట వినిపించి, ఆ పాట అయ్యాక లైను కట్టయ్యేది. మా ఆయనకు ఓపిక తక్కువ. రంగుల తెర ఉన్న వేరే కంపెనీ పెట్టె ఇంతకంటే చవకగా వస్తోందని ఆయన అంటే, "ఏందిరా, ఒకరోజు కూరలో ఉప్పెక్కువైందని మీయమ్మను మార్చినానా నేను?" అని మామ కసిరేవాడు. అత్త పొయ్యి దగ్గర నుంచి, ఆ సంగతి మాత్రం తేల్చుకోవాల్సిందేనని గొణిగేది.

నేను గూడూరులో రైలెక్కి చెన్నపట్నం సర్వీసు సెంటరుకు పోయేదాన్ని. ఒకసారి కౌంటరు దగ్గర టై కట్టుకున్న కుర్రవాడు పెట్టె సందుల్లోని పసుపు చూసి, దీన్ని సాంబారులో గానీ వేశారా అని వెటకారం చేసి, ఈ మోడలు ఆపేశాము, కొత్తది కొనుక్కోండి అన్నాడు. మా మగవాళ్ళు దీన్ని నమ్ముకుని సముద్రం మీదికి పోతారని, మీ ఇంట్లో వాళ్ళు పోతే తెలుస్తుందని, తెలుగూ తమిళమూ కలిపి అక్కడే కడిగేశాను. లోపలి నుంచి పెద్దాఫీసరు వచ్చి ఎక్కడో మూల నుంచి మీటలు తెప్పించి వేయించాడు. ఆ రోజు నేను పెట్టె తెచ్చిస్తే మామ కళ్ళు మెరిసిన తీరు నాకిప్పటికీ గుర్తే.

అసలు చెప్పదలచుకున్నది ఆ తర్వాతి వానాకాలం సంగతి. మామా, మా ఆయనా రెండు రోజుల వేటకని పోయారు. పోయిన రోజే పైన వానలు పడి ఏటికి వరద వచ్చింది. ఆ వరద తిన్నగా పాత మొగలోకి పోక, రెండు కేకల దూరం దక్షిణాన ఇసుక దిబ్బను తెగ్గొట్టుకుని సముద్రంలో పడింది. నీళ్ళన్నీ కొత్త గండిలోకి మళ్ళడంతో పాత మొగ ఇసుక మేటవేసి, అలలు అక్కడే విరగడం మొదలుపెట్టాయి. తెల్లారేసరికి ముసురు పట్టి ఒడ్డు మీది సరుగుడు తోట కూడా మాయమైపోయింది. మిగతా పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, సముద్రం మీద ఉన్నది మాదొక్కటే. సెల్‌ఫోన్లు అప్పటికే వచ్చినా ఒడ్డు దాటితే పలికేవి కావు. ఇల్లు అని నేను నొక్కిన చోటు ఇప్పుడు పడవను బోర్లా తిప్పే చోటైంది. ముసురులో వాళ్ళకు ఆ బాణం తప్ప ఇంకేమీ కనబడదు. నేను సముద్రం వైపు చూస్తూ నిలబడిపోయాను.

అత్త ఏడవలేదు. చేపలమ్మడానికి నెత్తిన పెట్టుకుపోయే సత్తు బేసిను చంకన పెట్టుకుని, "ఏమ్మే, అట్ట నిలబడుకోని ఏం జేస్తావు? బేసిను తీసుకో, రా" అని కొత్త గండి వైపు పరుగుపెట్టింది. పెట్టె రాకముందు, మంచు పట్టినప్పుడు పల్లె ఆడవాళ్ళు మొగ దగ్గర నిలబడి బేసిన్లు వాయించేవాళ్ళు, మగవాళ్ళు ఆ చప్పుడు పట్టుకుని వచ్చేవాళ్ళు. మాది చూసి మిగతా పడవల్లోకీ పెట్టెలు వచ్చాక ఆ పని అందరూ మానేశారు. పల్లె ఆడవాళ్ళంతా మా వెంట వచ్చారు. గండి ఒడ్డున నిలబడి గరిటెలతో, రాళ్ళతో కొట్టాము. ఎంతసేపు కొట్టామో తెలియదు గానీ నా అరచేతులు బొబ్బలెక్కాయి. అత్త మాత్రం మా గోలలో కలవకుండా, పాత రోజుల్లో తను వాయించే తీరులోనే రెండు దెబ్బలు వేసి ఆగి, మళ్ళీ రెండు దెబ్బలు వేస్తూ నిలబడింది.

అవతల ఏం జరిగిందో మా ఆయన తర్వాత చెప్పాడు. బాణం సూటిగా ఉంది, ఆయన అటే నడుపుతున్నాడు. ఇంకాసేపట్లో మొగ అనగా మామ ఉన్నట్టుండి, "ఇంజను ఆపరా" అన్నాడట. ఎందుకు, బాణం బాగానే చూపిస్తోంది కదా అంటే, "పెట్టె ఒక దిక్కు జెప్తాంది, మీయమ్మ ఒక దిక్కు జెప్తాంది. ఆపరా ముందు" అన్నాడట. ఇంజను ఆగాక, అలల హోరులో, దక్షిణం నుంచి రెండు దెబ్బలు, మళ్ళీ రెండు దెబ్బలు. ఆ కంపెనీ మీద ఈగ వాలనివ్వని మనిషి ఆ పెట్టెను ఒళ్ళో బోర్లా పెట్టి, పడవను చప్పుడు వైపు తిప్పించాడు. ముసురులోంచి పడవ ముక్కు బయటపడగానే నేను తడి ఇసుకలో కూలబడి బావురుమన్నాను.

ఒడ్డుకు రాగానే మా ఆయన పెట్టెను పైకెత్తి, సముద్రంలో విసిరేస్తానని ఊగిపోయాడు. మామ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "దాన్నెందుకు తిడతావురా? మనం జెప్పినదే అది జెప్పినాది. ఏరు మారినాదని దానికి ఎవరన్నా జెప్పినారా?" అన్నాడు. మీ వాదులాట తర్వాత, ముందు నా బేసిను సొట్టలు తీయించండి అని అత్త అంది. ఆ సాయంత్రమే మామ నన్ను కొత్త మొగ దగ్గరికి తీసుకెళ్ళి, ఇల్లు అన్న గుర్తును అక్కడికి మార్పించాడు. ఆ తర్వాత ఏటా వానలు వెనకబట్టాక పల్లెలో అదొక తంతైపోయింది. మొగ ఎటు జరిగిందో చూసి, ముందు అత్త నిలబడాలి, ఆమె నిలబడిన చోట మామ మీట నొక్కాలి. ముసురు పడితే బేసిన్లు మోగాలి, పెట్టె ఉన్నా సరే.

అత్త పోయాక మామ వేటకు పోవడం మానేశాడు. మా ఆయన తన రంగుల తెర కొనుక్కున్నాడు, ఈసారి మామ వద్దనలేదు. ఆ ఏడు వానలు తగ్గాక పాత పెట్టెలో కొత్త సెల్లులు వేయించుకుని, నన్ను తోడు రమ్మన్నాడు. మొగ అప్పటికి బాగా ఉత్తరానికి జరిగింది. నేను అటు నడవబోతే మామ దక్షిణానికి నడిచాడు. చాలా దూరం పోయాక, చుక్క నీరు లేని ఇసుక దిబ్బ మీద ఆగాడు. మొగ ఇక్కడ కాదు మామా అన్నాను. "నాకు తెలుసులే అమ్మే" అని, చూపు ఆనకపోయినా వేలితో తడుముకుని మీట నొక్కాడు. అప్పుడు గుర్తుపట్టాను, ఆ ముసురు రోజు అత్త బేసినుతో నిలబడింది అక్కడే.

పెళ్ళి నుంచి వచ్చాక అల్లుడు ఫోనులోని పటంలో మా పల్లెను వెతికి చూపించాడు. అందులో మొగ ఎప్పటిదో పాత చోటనే ఉంది. తప్పని రాసి పంపించమన్నాను, పంపించాడు, కృతజ్ఞతలు చెబుతూ జవాబొచ్చింది, మొగ మాత్రం కదల్లేదు. వీళ్ళతో పోట్లాడదామంటే రైలెక్కి పోవడానికి కౌంటరు కూడా లేదు. మన చేతి పెట్టె ఎన్ని తిప్పలు పెట్టినా, మనం నిలబడి, ఇదీ మా ఇల్లు అంటే, సరేనని నమ్మేది. ఇప్పుడు మన ఇల్లు ఏ చోట ఉందో ఎక్కడో కూర్చున్నవాళ్ళు చెబుతుంటే మనం నమ్మాలి.

మామ పెట్టె నా బీరువాలో అత్త బేసినులోనే ఉంది. సెల్లులు మార్చి చూశాను, వెలగలేదు. ఎప్పుడైనా వెలిగితే దాని బాణం ఆ ఇసుక దిబ్బనే చూపిస్తుంది, మొగ ఎటు పోయినా సరే.